వాట్సాప్ ఫోటోతో పది అడుగుల గోడ నింపమంటున్నారు, ఏం చేయను?

మడివాళ_మాధవి
బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఒక ఆంధ్రా మెస్సు. ఓనరుది కావలి వైపు. లోపల గోడ బోసిగా ఉందని 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు వినైల్ (ఫోటో ప్రింటు చేసి అంటించే ప్లాస్టిక్ షీటు) అంటించాలని పట్టుబట్టాడు. మధ్యలో అరిటాకు భోజనం, చేపల పులుసు. ఒక పక్కన వాళ్ళ నాన్నగారి ఫోటో పెద్దగా రావాలట. మెస్సు మొదలుపెట్టింది ఆ పెద్దాయనే.

సరే ఫోటోలు పంపండి అన్నాను. వచ్చాయి. పులుసు ఫోటో 1280×960, 140 కేబీ. నాలుగు గ్రూపులు తిరిగి నా దగ్గరికి చేరినట్టుంది. నాన్నగారిది ఇంకా ఘోరం. పాస్‌పోర్టు సైజు ఫోటోని టేబుల్ మీద పెట్టి ఫోనుతో తీశారు, నుదుటి మీద ట్యూబ్‌లైటు అడ్డంగా మెరుస్తోంది.

ఇవి సరిపోవండీ అంటే, "ఫోటోషాప్‌లో రిజల్యూషన్ 72 ఉన్నచోట 300 అని కొడితే పెద్దదైపోతుందంట కదమ్మా, మా అల్లుడు చెప్పాడు" అన్నాడు. అల్లుడు సాఫ్ట్‌వేరట. శుక్రవారం ప్రింటుకు పోవాలి. ఎవరైనా దారి చెప్పండి, లేదా ఆ అల్లుడి నంబరైనా ఇప్పిస్తాను, మీరే మాట్లాడుకోండి.

పిక్సెల్_పిచ్చోడు
లెక్క చూడు. 10 అడుగులంటే 120 అంగుళాలు. 1280ని 120తో భాగిస్తే అంగుళానికి పదిన్నర పిక్సెళ్ళు చిల్లర. అంటే గోడ మీద ఒక్కో పిక్సెల్ 2.4 మిల్లీమీటర్లు. పులుసు తాలింపులో ఆవగింజ కూడా అంత ఉండదు.

ఆవకాయ_జాడీ
అల్లుడు చెప్పాడంటే మామ ఎదురు చెప్పడు. నువ్వు ఓడిపోయావ్ మాధవీ.

వైట్‌ఫీల్డ్_వాసు
ఈ రోజుల్లో ఇదీ ఒక సమస్యేనా? ఫోటోని పెద్దది చేసే ఏఐ అప్‌స్కేలర్‌లో వెయ్యి. వెడల్పు నాలుగు రెట్లు, ఎత్తు నాలుగు రెట్లు, మొత్తం పదహారు రెట్ల పిక్సెళ్ళు. రెండు నిమిషాల పని. అప్‌స్కెయిల్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ అయితే చాలు. (నేనా అల్లుణ్ణి కాదు.)

కోరల్_బాబాయ్
ఏఐలు గీఐలు వద్దు. ఒకేసారి పెద్దది చేస్తే చెడిపోతుంది. పది శాతం చొప్పున పెంచుకుంటూ పో. 110, మళ్ళీ 110, మళ్ళీ 110. ఓపిక కావాలి అంతే. 2001 నుంచి ఈ పనిలో ఉన్నా, ఎన్ని బోర్డులు దింపానో లెక్క లేదు.

పిక్సెల్_పిచ్చోడు
బాబాయ్, 10 రెట్లు పెరగాలంటే పది శాతం చొప్పున పాతిక సార్లు నొక్కాలి. ప్రతిసారీ పక్క పిక్సెళ్ళ సగటు తీసుకుంటుంది కాబట్టి సగటు మీద సగటు, దాని మీద సగటు. పాత ఫోటోషాప్‌లో అంచులు కాస్త పదునుగా అనిపించేవేమో, ఒప్పుకుంటా. కానీ 2017 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి ప్రిజర్వ్ డీటెయిల్స్ 2.0 అని ఫోటో పెంచే పద్ధతి ఉంది. దాంతో ఒక్కసారి పెంచి, మీ పద్ధతిలో పెంచినదాన్ని పైన పొరగా వేసి, డిఫరెన్స్ మోడ్ పెట్టి చూడండి. తేడా ఎక్కడుందో అదే చూపిస్తుంది.

కోరల్_బాబాయ్
నువ్వు డిఫరెన్స్ మోడ్‌లో చూస్తావు బాబూ, కస్టమరు రోడ్డు మీద నిలబడి చూస్తాడు.

సుల్తాన్‌పేట_శీను
బాబాయ్ సరదాకి అన్నా అసలు మాట అదే. మాకు ప్రెస్సు ఉంది, ఫైలు తెచ్చిన ప్రతివాడినీ నేను మొదట అడిగేది ఒకటే: ఎంత దూరం నుంచి చూస్తారు?

మామూలు చూపున్న మనిషి కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణం వరకు విడివిడిగా పట్టుకోగలదు. అంతకంటే చిన్నవి కలిసిపోతాయి. దాన్ని లెక్కకి తెస్తే 3438 అనే అంకె వస్తుంది. ఎన్ని అంగుళాల దూరం నుంచి చూస్తారో దాంతో 3438ని భాగించు. అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు చాలో తేలుతుంది.

చేతిలో పట్టుకునే పాంప్లెట్, 12 అంగుళాల దూరం: 286. అందుకే అందరూ 300, 300 అని కలవరిస్తారు. 3 అడుగులు: 95. 10 అడుగులు: 29. 30 అడుగులు: తొమ్మిదిన్నర.

అంటే నీ 1280 ఫోటో ఇదే సైజులో రోడ్డు అవతలి నుంచి చూసే బోర్డుకైతే లెక్క ప్రకారం పాసవుతుంది. జేపెగ్‌గా నొక్కితే వచ్చే గళ్ళు, మసక వేరే సంగతి. మెస్సు గోడ అంటున్నావు, టేబుళ్ళు ఎక్కడున్నాయి?

మడివాళ_మాధవి
గోడకి ఆనించే ఉన్నాయి శీనన్నా. గోడ పక్క సీట్లో కూర్చున్నవాడి చెవికీ పులుసుకీ మధ్య జానెడు. ఎదురు సీటువాడికి మూడు, నాలుగు అడుగులు.

ఆవకాయ_జాడీ
గోడ పక్కన కూర్చున్నవాడు ఆకులోకి చూస్తాడు. గోడవైపు చూస్తున్నాడంటే వడ్డించేవాడు ఇంకా రాలేదని అర్థం.

సుల్తాన్‌పేట_శీను
చెవి లెక్క వద్దులే, మూడు అడుగులు పట్టుకో. అంగుళానికి 100 పిక్సెళ్ళు. 12000×7200 కావాలి నీకు. ఉన్నది 1280.

హెబ్బాళ_హేమ
మధ్యలో ఒక అమాయకపు ప్రశ్న. మా ప్రింటరువాడు మా మెషీన్ 1440 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అంటాడు. మరి ఫైలు 1440 ఇవ్వాలా? నేను ఒకసారి ఇచ్చాను, వాడి కంప్యూటర్ స్తంభించిపోయింది, ఆ రోజంతా నన్ను తిట్టుకున్నాడు.

సుల్తాన్‌పేట_శీను
వాడు తిట్టుకున్నది న్యాయమే. 1440 అనేది ప్రింటర్ హెడ్డు విసిరే సిరా చుక్కల లెక్క. ఆ మెషీన్ దగ్గర ఉండేవి నాలుగో ఆరో రంగులు. నీ ఫోటోలో ఒక గోధుమరంగు పిక్సెల్ రావాలంటే పసుపు, ఎరుపు, నీలం, నలుపు చుక్కలు బోలెడన్ని పక్కపక్కన పడాలి. ఫోటో పిక్సెల్ వేరు, సిరా చుక్క వేరు. వినైల్‌కి 100 నుంచి 150 ఇస్తే మా మెషీన్ హాయిగా తింటుంది.

మడివాళ_మాధవి
72ని 300 చేయడం గురించి ఆ అల్లుడికి అర్థమయ్యే మాట ఒకటి కావాలి. నేను చెబితే "సెట్టింగ్స్‌లో ఉంటుంది చూడండి" అంటున్నాడు.

హెబ్బాళ_హేమ
గిన్నెలో పిండి ఉన్నంతే ఉంది. చిన్న పెనం మీద వేస్తే దోసె మందంగా వస్తుంది, పెద్ద పెనం మీద వేస్తే పల్చగా సాగుతుంది. అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు అని చెప్పే ఆ 72, 300 పెనం సైజుల్లాంటివి. పెనం మారిస్తే పిండి పెరుగుతుందా? రీశాంపుల్ (పిక్సెళ్ళ లెక్క మార్చడం) అనే గడిలో టిక్ తీసేసి 300 కొడితే జరిగేది అదే, ప్రింటు సైజు అంకె మారుతుంది, ఫైల్లో ఒక్క పిక్సెల్ కూడా పెరగదు. టిక్ ఉంచి కొడితే పిండిలో నీళ్ళు పోసినట్టు.

ఆవకాయ_జాడీ
హేమ గారూ, మీరు అమాయకపు ప్రశ్న అడిగారు కాసేపటి క్రితం. నేను మర్చిపోలేదు.

మడివాళ_మాధవి
వాసు గారు చెప్పినట్టు ఏఐలో వేశాను. ఫలితం చెప్తాను, నవ్వకండి.

చిన్నగా చూస్తే అద్భుతం. జూమ్ చేశాక మొదలైంది. మెతుకులన్నీ ఒకదానికొకటి అతుక్కుని సేమ్యా అయ్యాయి. అరిటాకు ఈనెలు మధ్యలో దారి తప్పి పక్కకి తిరిగాయి. అసలు దెబ్బ ఇది: చేప ముక్క మీద పొలుసులు మొలిచాయి! పులుసులో ఉడికిన ముక్క మీద వరసగా, అందంగా, ఒక్కొక్కటీ మెరుస్తూ. పొలుసు తీయకుండా చేప వండే మెస్సు అని పదడుగుల్లో చాటింపు వేసినట్టు ఉంటుంది.

కోరల్_బాబాయ్
😂😂 చెప్తే విన్నారా.

గూడూరు_గోపి
పొలుసు తీయని చేప అని కావలి ఆయనకి చూపిస్తే పేమెంట్ కాదు కదా, భోజనం కూడా పెట్టడు.

మడివాళ_మాధవి
ఇంకా ఉంది. నాన్నగారి ఫోటో కూడా వేశాను. ముఖం నున్నగా, కళ్ళు తేటగా, పళ్ళు కూడా సర్దుకుని వచ్చాయి. బాగుందనే అనుకున్నా. ఓనరుకి ఫోన్లో చూపిస్తే కాసేపు చూసి, "ఈయన బాగున్నాడమ్మా, ఎవరు?" అన్నాడు.

నేను ఏం చెప్పాలో తెలియక ఫోను వెనక్కి తీసుకున్నాను. తర్వాత రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమ కనుబొమ మధ్యలో చిన్న గాటు ఉంది అసలు ఫోటోలో, రెండు మూడు పిక్సెళ్ళంతే. ఏఐ దాన్ని మచ్చ అనుకుని పూడ్చేసింది. చెవి పైన వంపు కూడా మారింది.

వైట్‌ఫీల్డ్_వాసు
ఏ మోడల్ వాడావు? ఫేస్ ఎన్‌హాన్స్ లాంటిది ఆన్‌లో ఉందేమో, అది ఆపి చూడు. ఒక్క మోడల్ తప్పు చేసిందని మొత్తం ఏఐని తిట్టడం ఏంటి? మేం ఆఫీసులో బ్యానర్లన్నీ దీంతోనే చేస్తాం.

పిక్సెల్_పిచ్చోడు
వాసూ, తప్పు చేయలేదు. దాని పని అదే.

ఇది ఎలా నేర్చుకుంటుందంటే, మంచి ఫోటోలు లక్షల్లో తీసుకుని వాటిని కావాలనే చెడగొడతారు. మసక చేస్తారు, చిన్నవి చేస్తారు, జేపెగ్‌గా నొక్కుతారు. చెడిపోయినదాన్నుంచి మంచిదాన్ని ఊహించమని శిక్షణ ఇస్తారు. 2014లో ఎస్‌ఆర్‌సీఎన్‌ఎన్ అనే మోడల్‌తో ఈ దారి మొదలైంది, 2021లో వచ్చిన రియల్ ఈఎస్‌ఆర్‌గ్యాన్ నాటికి చెడగొట్టడం కూడా ఒక పెద్ద శాస్త్రం అయిపోయింది. వాసు చెప్పిన అప్‌స్కెయిల్ లోపల నడిచేది ఆ కుటుంబమే. అది పోయిన వివరాన్ని వెనక్కి తేదు. ఇలాంటిచోట మామూలుగా ఏముంటుందో అది పెడుతుంది. చేప అంటే దానికి పొలుసులు, ఎందుకంటే అది చూసిన చేపల్లో ఎక్కువ వాటికి ఉన్నాయి. పులుసులో చేపని ఎన్ని చూసుంటుంది పాపం.

2020లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళ పల్స్ అనే పద్ధతి గురించి పెద్ద గొడవ అయింది. ఒబామా మసక ఫోటో ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం తయారుచేసి ఇచ్చింది. ఒబామాకే దిక్కు లేదు, కావలి పెద్దాయనని గుర్తుపడుతుందా?

వైట్‌ఫీల్డ్_వాసు
పల్స్ వేరే రకం, అది ముఖాన్ని మొత్తం కొత్తగా పుట్టిస్తుంది. మామూలు అప్‌స్కేలర్‌తో పోల్చడం సరికాదు.

పిక్సెల్_పిచ్చోడు
అంత వరకూ ఒప్పుకుంటా. మోతాదు తేడా ఉంది. ఊహించడం మాత్రం రెండింట్లోనూ ఉంది.

పోస్టరోడి_కొడుకు
చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. బెజవాడలో సినిమా బ్యానర్లు, కటౌట్లు వేసేవాడు. మీరంతా 12000 పిక్సెళ్ళు అంటున్నారు, ఆయనకి పోస్ట్‌కార్డంత స్టిల్ ఇచ్చేవాళ్ళు, అంతే. దాని మీద పెన్సిలుతో గళ్ళు గీసేవాడు, అంగుళానికి రెండో మూడో. గుడ్డ మీద తాడుకి నీలిమందు పూసి, ఆ చివర నేను, ఈ చివర ఆయన పట్టుకుని చిటికె వేసినట్టు లాగి వదిలితే గీత పడేది. చిన్న గడిలో ఉన్నది పెద్ద గడిలోకి. నలభై అడుగుల కటౌట్లు అలా లేచినవే.

నేను చిన్నప్పుడు కర్రల మీదకెక్కి దగ్గరగా చూశాను ఒకసారి. కన్ను కన్నులా లేదు. తెల్ల మచ్చ, దాని పక్కన ఊదారంగు మచ్చ, కింద నారింజ గీత. ఇదేంటి నాన్నా అంటే దిగమన్నాడు. రోడ్డు దాటి టీకొట్టు దగ్గర నిలబెట్టి చూపించాడు. అక్కడి నుంచి హీరో నన్నే చూస్తున్నాడు. ఆయన కూడా గంటకోసారి దిగి, రోడ్డు దాటి, టీ తాగి, మళ్ళీ ఎక్కేవాడు. శీను గారి 3438 ఆయనకి తెలియదు కానీ టీకొట్టు తెలుసు.

స్టిల్‌లో లేని వివరం ఆయన కూడా ఊహించేవాడే. తేడా ఏంటంటే ఆ హీరో సినిమాలు ఆయన ముప్ఫై చూసుంటాడు. పుట్టుమచ్చ ఏ పక్క ఉంటుందో తెలుసు.

హెబ్బాళ_హేమ
ఈ పోస్టు సేవ్ చేసుకుంటున్నా.

కోరల్_బాబాయ్
మెజెస్టిక్ గాంధీనగర్‌లో కూడా అలాంటి కటౌట్లు ఉండేవి, పండగలా ఉండేది. ఇప్పుడంతా ప్రింటే. అది కూడా 2018లో బీబీఎంపీ (అప్పటి బెంగళూరు కార్పొరేషన్) ఫ్లెక్స్ నిషేధించాక మా పని సగానికి పడిపోయింది. అందుకే ఇప్పుడు అందరం గోడలకి వినైల్ అంటిస్తున్నాం.

గూడూరు_గోపి
నేను అడిగేది పిచ్చి ప్రశ్న అయితే క్షమించండి. ఆ మెస్సులో చేపల పులుసు రోజూ వండుతారు కదా?

మడివాళ_మాధవి
వండుతారు. ఎందుకు?

గూడూరు_గోపి
మళ్ళీ ఫోటో తీయొచ్చు కదా మరి.

ఆవకాయ_జాడీ
🙏🙏🙏 ఇంతసేపూ ఇరవై మంది చేరి...

మడివాళ_మాధవి
నాకు ఏడవాలో నవ్వాలో తెలియట్లేదు. మూడు రోజులుగా ఆ 140 కేబీతో కుస్తీ పడుతున్నాను.

మీల్స్_రెడీ_మోహన్
హోటళ్ళకి తిండి ఫోటోలు తీస్తాను, కాబట్టి ఇది నా ఏరియా. పెద్ద కెమెరా లేకపోయినా పర్లేదు, మంచి ఫోను చాలు. కానీ 50 మెగాపిక్సెళ్ళు అని డబ్బా మీద రాసినంత మాత్రాన 50 రావు. చాలా ఫోన్లలో నాలుగేసి పిక్సెళ్ళు ఒకే రంగు ఫిల్టర్ కింద ఉంటాయి, మామూలుగా అవి కలిసి 12 మెగాపిక్సెళ్ళ ఫోటో ఇస్తాయి. 4000×3000. అది మీ గోడకి అంగుళానికి 33 మాత్రమే. సెట్టింగ్స్‌లో పూర్తి రిజల్యూషన్ ఆన్ చేస్తే 8160 వరకు వస్తుంది, కానీ వెలుతురు బాగుండాలి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే ఆ అదనపు పిక్సెళ్ళ నిండా గింజలే.

నేనైతే ఒక్క ఫోటోతో పని కానివ్వను. ఆకుని కిటికీ దగ్గర టేబుల్ మీద పరుస్తాను, లోపల లైట్లు ఆపేస్తాను, లేకపోతే ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం. ఫోనుని నిలువుగా, ఆకుకి సమాంతరంగా స్టాండుకి బిగించి, ఎడమ నుంచి కుడికి మూడు ఫోటోలు. ఒక్కోటీ ముందుదానిలో మూడో వంతు కలవాలి. వెలుతురు లాక్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే అన్నం మొదటి ఫోటోలో తెల్లగా, రెండోదాంట్లో బూడిదరంగులో వస్తుంది. ఫోటోషాప్‌లో ఫోటోమెర్జ్‌కి ఇస్తే కుట్టేస్తుంది. నిలువుగా ఒక్కోటీ 6120 వెడల్పు అయితే మూడూ కలిసి 14000 దాటుతుంది. గోడకి సరిపోయి మిగులుతుంది.

పులుసు సంగతి వేరే చెప్పాలి. పొయ్యి మీంచి దించిన పది నిమిషాల్లో తీయండి. ఆలస్యమైతే పైన నూనె తేలిన ఎర్రటి పొర ముడతలు పడుతుంది. కెమెరాలో కారం రంగు పేలిపోతుంది, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి తీయండి. ముక్కని గరిటెతో ఒక్కసారే తిప్పాలి, రెండోసారి తిప్పితే విరుగుతుంది. ఇది మీరు కాదు, వంటాయనే చేయాలి.

ఒక చివరి మాట. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపొద్దు. డాక్యుమెంటుగా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టండి. మొత్తం కష్టపడి తీసి మళ్ళీ 1600కి నొక్కించుకున్నవాళ్ళని చూశాను.

వైట్‌ఫీల్డ్_వాసు
మంచి సలహా. అయినా కుట్టేటప్పుడు చిన్న తేడాలొస్తే ఫోటోషాప్‌తో వచ్చే "కెమెరా రా" టూల్లో సూపర్ రిజల్యూషన్ వాడొచ్చు, 2021 నుంచి ఉంది. వెడల్పు, ఎత్తు రెండింతలు మాత్రమే చేస్తుంది కాబట్టి పెద్దగా కథలు అల్లదు. నేను కూడా ఇప్పుడు ముఖాలకి ఏఐ పొరని నేరుగా వాడను. కింద మామూలుగా పెంచిన పొర, పైన ఏఐ పొర 30, 40 శాతం, ముఖం మీద మాత్రం ఏఐ పొరని మరుగుపరిచే మాస్క్. చివర్లో మొత్తం మీద కాస్త గ్రెయిన్ (సన్నటి గింజలు) చల్లితే రెండూ కలిసిపోతాయి.

పిక్సెల్_పిచ్చోడు
ఇదిగో, ఇలా ముందే చెప్తే గొడవే లేదు. గ్రెయిన్ మాట వంద శాతం నిజం. మసకని కన్ను పట్టేస్తుంది, కానీ గింజని చూస్తే అక్కడ ఏదో వివరం ఉందనుకుంటుంది. షార్పెన్ కూడా చివరి సైజుకి వచ్చాకే చేయాలి, ముందు చేస్తే షార్పెన్‌తో వచ్చే తెల్లంచులు కూడా పదింతలవుతాయి.

మడివాళ_మాధవి
పులుసు సంగతి తేలింది. నాన్నగారు? ఆయన్ని మళ్ళీ తీయలేం.

సుల్తాన్‌పేట_శీను
ఫోనుతో తీసింది పక్కన పెట్టు. అసలు కాగితం తెప్పించు. స్కానర్ అద్దం తుడిచి 1200 డీపీఐలో పెట్టు. 35 మిల్లీమీటర్ల ఫోటో 1654 పిక్సెళ్ళు వస్తుంది. పాత స్టూడియోలో కెమికల్‌తో కడిగిన ప్రింటు అయితే అందులో నీ కంటికి కనపడనిది కూడా కొంత ఉంటుంది. ఈ మధ్య ఇంక్‌జెట్‌లో తీసినదైతే 1200లో స్కాన్ చేసినా కనపడేవి సిరా చుక్కలే, ఆశ పెట్టుకోకు. కాగితం గరుకుగా, తేనెపట్టులా గళ్ళతో ఉంటే ఒకసారి స్కాన్ చేసి, ఫోటోని తలకిందులుగా తిప్పి ఇంకోసారి స్కాన్ చేసి, రెండూ సరిగ్గా ఒకదానిపై ఒకటి వేసి పై పొర 50 శాతం పెట్టు. నీడలు ఎదురెదురుగా పడతాయి కాబట్టి ఆ గళ్ళు చాలావరకు చెరిగిపోతాయి.

హెబ్బాళ_హేమ
ఊళ్ళో స్టూడియోలో నెగటివ్ ఉందేమో అడిగించండి. పెళ్ళి గ్రూపు ఫోటోల్లో కూడా ఒక్కోసారి మంచి ముఖం దొరుకుతుంది.

కోరల్_బాబాయ్
దొరక్కపోతే బొమ్మలా మార్చెయ్. పెద్ద పెద్ద చుక్కల హాఫ్‌టోన్, పాత పేపర్లో ఫోటోలాగా. లేదా రెండు రంగుల్లో కోరల్‌డ్రాలో ట్రేస్ చేసి వెక్టార్ (ఎంత పెంచినా చెడని గీతల బొమ్మ). మసక ఫోటోని మసకగా చూపిస్తే తప్పులా ఉంటుంది, చుక్కలుగా చూపిస్తే డిజైను అంటారు. ఇందులో మాత్రం నన్ను ఎవరూ కాదనలేరు.

పిక్సెల్_పిచ్చోడు
కాదనట్లేదు బాబాయ్. ఇది మంచి మాట.

గూడూరు_గోపి
కాదంటా. వాళ్ళ నాన్న ముఖాన్ని చుక్కలు చేసి పెడితే ఆ ఇంటి ఆడవాళ్ళు ఒప్పుకోరు. మా తాతయ్య ఫోటోకి అలాగే చేయించాడు మా మేనమామ. మా అమ్మమ్మ చూసి అమ్మవారు పోసినట్టుంది తీసెయ్ అంది.

కోరల్_బాబాయ్
...అది కూడా నిజమే.

ఆవకాయ_జాడీ
పక్కదారి: బయట బోర్డు కూడా మారుస్తున్నారా? 60 శాతం కన్నడ ఉండాలి కదా ఇప్పుడు.

మడివాళ_మాధవి
అది పోయిన నెలే అయింది. పైన కన్నడ పెద్దగా, కింద ఇంగ్లీషు, మూలకి తెలుగు. ఓనరు అడిగాడు, "తెలుగులోనే రాసి తలకట్టు కాస్త సాగదీస్తే కన్నడ అయిపోదా?" అని.

సుల్తాన్‌పేట_శీను
అలా అడిగిన మూడో మనిషి ఈయన. 😄

సరే పనికొచ్చే ముక్క. మొత్తం ప్రింటు కొట్టే ముందు ఒక అడుగు బై ఒక అడుగు ముక్క అసలు సైజులో తీయించు. చేప ముక్క అంచు, మెతుకులు కలిసేచోట తీయించు, ఖాళీ ఆకు కాదు. గోడకి అంటించి ఎదురు సీట్లో కూర్చుని చూడు. స్క్రీన్ మీద జూమ్ చేసి భయపడటం మానెయ్. 100లో ఉన్న ఫైలు మామూలు మానిటర్ మీద 100 శాతం జూమ్‌లో దాదాపు అసలు సైజే, లేచి మూడడుగులు వెనక్కి వెళ్ళి చూస్తే చాలు.

మడివాళ_మాధవి
శుక్రవారం దాటింది, మంగళవారం అంటించారు. చెప్తాను.

పులుసు మోహన్ గారు చెప్పినట్టే తీశాం. ఉదయం పదకొండుకి కిటికీ దగ్గర. వంటాయన మూడు సార్లు ముక్క తిప్పాడు, మూడోసారి విరిగింది, రెండోదే వాడాను. మొదటి విడతలో వెలుతురు లాక్ మర్చిపోయా, అన్నం సగం తెలుపు సగం బూడిద. మళ్ళీ వడ్డించారు. చల్లారిన ఆ మొదటి ఆకు నేనే తిన్నాను. కుట్టాక 13600×8160 వచ్చింది, ఏ అప్‌స్కేలరూ అవసరం రాలేదు. ముక్క ప్రింటులో ఎరుపు మరీ మండిపోయింది, శీనన్న ఫోనులో చెప్పి తగ్గించాడు.

నాన్నగారి అసలు ఫోటో కావలి నుంచి బస్సులో ఒక కవర్లో వచ్చింది. వెనక స్టూడియో ముద్ర, ఇంకు పాలిపోయి ఉంది. ఆ స్టూడియో ఇప్పుడు సెల్ షాపట, నెగటివ్‌ల మాటే లేదు. స్కాన్ చేస్తే కనుబొమ గాటు స్పష్టంగా కనపడింది. అది చిన్నప్పుడు కొబ్బరి మట్ట పడిన దెబ్బ అని ఓనరు చెప్పాడు. మూడడుగులు పెంచి చూశా, మెత్తబడిపోయింది. అందుకే గోడ మీంచి తీసేశాను. 12 అంగుళాల వెడల్పున విడిగా ఫోటో పేపరు మీద తీయించి, కట్టు కట్టించి, క్యాష్ కౌంటరు వెనక పెట్టించాను. మొదట చిన్నదైపోయిందని అలిగాడు. దండ వేశాక ఏమీ అనలేదు. అల్లుడు వచ్చి చూసి "300 పెట్టారా?" అని అడిగాడు. పెట్టాం అన్నాను.

హెబ్బాళ_హేమ
వినైల్ మీద లామినేషన్ చేయించావా? కుర్చీల వీపులు గీరుకుంటాయి, పైగా పులుసు చేతులు.

మడివాళ_మాధవి
మ్యాట్ చేయించా. గ్లాసీ అయితే లైటు పడి ముక్క మెరిసిపోతుందని శీనన్న వద్దన్నాడు.

ఆవకాయ_జాడీ
నిన్న వెళ్ళి తిన్నాను. గోడ బ్రహ్మాండంగా ఉంది, మెతుకు మెతుకూ లెక్కపెట్టొచ్చు. కాకపోతే గోడ మీద చేప ముక్క దిండంత ఉంది, నా ఆకులోకి వచ్చింది అగ్గిపెట్టంత. ఓనర్ని పిలిచి రెండూ చూపించాను. "అది ఫోటోలో పెద్దది చేశారు సార్" అన్నాడు.